రెండు చేతులకు రెండు పెట్టెలు

ఒక పాట మొత్తం ఆరాయి వాయించలేదు. కావాలనే. పళని దగ్గర ఒక పెళ్ళి రిసెప్షన్‌లో బేస్ గిటారు భుజానికి తగిలించుకుని, కుడిచెయ్యి తీగల మీదనుంచి తీసి నడుము మీద పెట్టుకుని, పల్లవి మొదలు ఆఖరి చరణం దాకా అట్లాగే నిలబడింది. ఆర్కెస్ట్రాలో ఇంకా ఎనిమిదిమంది ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు తల తిప్పి చూడలేదు.

సంగతేమిటంటే, ఆవేళ ఆమె స్పీకర్ పెట్టెను వ్యాన్‌లో ఎక్కించలేదు. అది ఆమె తండ్రి ముత్తుసామి నాటిది. నాలుగు స్పీకర్లు బిగించిన మందపాటి చెక్క పెట్టె, ఇద్దరు మగవాళ్ళు పట్టినా మూలిగేంత బరువు. ఆర్కెస్ట్రా నడిపే లక్ష్మణన్ పెద్ద వ్యాన్ అమ్మేసి చిన్నది కొన్నాడు. "పెట్టెకు చోటు లేదక్కా, నీ వైరు సౌండ్ సెట్‌వాళ్ళకి ఇచ్చేస్తాము" అన్నాడు. ఇచ్చారు. సౌండ్ సెట్ వాడు గాయకుల గొంతులూ డ్రమ్ములూ పెంచి, ఈమెది ఎక్కడో అడుక్కి నొక్కేశాడు. గంటన్నర వాయించినా తన వాద్యం తన చెవికే వినబడలేదు. అనుమానం తీర్చుకుందామని చెయ్యి తీసేసింది. తీరిపోయింది.

ఒళ్ళు మండదా మరి? ఇరవై మూడేళ్ళుగా వాయిస్తున్న మనిషి!

సోమవారం పొద్దున్న లక్ష్మణన్ ఇంటికే వచ్చాడు. వాళ్ళ వీధివాడే, ఆరాయి కంటే పదేళ్ళు చిన్న. కాఫీ తాగాడు, బాగోగులు అడిగాడు, ఆ తరువాత గొంతు తగ్గించి అసలు మాట బయటపెట్టాడు.

"వచ్చే నెల మేట్టుపాళయం కోయిల్ పండుగ ఉండాది గదా అక్కా. స్టేజీ చిన్నది. మన మాలిని కీబోర్డులో ఎడంచేత్తో బేస్ కూడా వాయించేస్తాది. నువ్వు ఏందుకు ఊరికే కష్టపడేది?"

"అంటే నన్ను వేండామంటావా?"

"అయ్యయ్యో, నేను యాడ అట్ల చెప్పినా? నీ పెట్టెను నువ్వే మోసుకొచ్చేటట్టుంటే రా. నేను వద్దంటానా?" అని నవ్వాడు.

ఆ నవ్వు చూశారూ, అక్కడ చేశాడు పొరపాటు. వద్దని మొహం మీద చెప్పి ఉంటే ఆరాయి నాలుగు తిట్లు తిట్టి, రెండు రోజులు ఏడ్చి, గిటారును అటక మీద పెట్టేసేదేమో. మోయలేవులే అన్నట్టు నవ్వాడు.

"సరి. మోసుకొస్తా" అంది ఆరాయి.

ఆమెకు నలభై ఆరేళ్ళు. పీలమేడు వెనక వీధుల్లో తాతముత్తాతల నాటి తెలుగువాళ్ళ గుడిసెలు మిద్దెలైన చోట ఆమె ఇల్లు. లోపల తెలుగు, వాకిలి దిగితే తమిళం. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు, కానీ తెలుగులో తిట్టడం మొదలుపెడితే వీధి చివరిదాకా ఎవరూ నోరెత్తరు. పగలు మోటార్ల కంపెనీలో కాయిల్ చుట్టే పని. రాగి తీగను చుట్లు చుట్లుగా తిప్పి, ఇనుప దిమ్మెలో కూరి, మీటరు పెట్టి చూసి పక్కన పెట్టడం. ఒక్కో దిమ్మె పద్దెనిమిది కిలోలు. రోజుకు ఎన్ని ఎత్తుతుందో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. వాయిద్యం తండ్రి నేర్పాడు. కొడుకులు లేక కాదు, ఇద్దరున్నారు. తీగలు లావుగా ఉన్నాయి, వేళ్ళు నొప్పి అన్నారు ఆ మహానుభావులు. కూతురు అనలేదు.

ఆదివారం భర్త ఇళంగోను వెంటబెట్టుకుని పీలమేడులో కాలేజీల దగ్గరున్న వాద్యాల దుకాణానికి వెళ్ళింది. యాంప్లిఫయర్ ఇంట్లో ఉంది, తానొక్కతే మోయగల స్పీకర్ పెట్టె కావాలి. ఇళంగో ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషి. రెండేళ్ళ కిందట నడుము పట్టేసి, అప్పటినుంచి బిందెడు నీళ్ళు కూడా ఎత్తడు. దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు.

"ఏ పుళ్ళా, నీ రోషానికి నా నడుము పోతాది చూడు."

"నీ నడుమును ఎవరు అడిగిరి మామా? నువ్వు వచ్చి కూచో. అంతే."

దుకాణంలో గోపీనాథ్ అనే అతను ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, నవ్వు మొహం. అతని చూపు ఆరాయిని దాటి నేరుగా ఇళంగో మీదికి పోయింది. "చెప్పండి సార్, మీకా, మీ అబ్బాయికా?" అని తమిళంలో అడిగాడు.

"వాయించేది నేను" అంది ఆరాయి.

మొగుడూ పెళ్ళాల గుసగుస విని అతనూ తెలుగులోకి దిగాడు. వాళ్ళదీ ఇంట్లో తెలుగేనట. "అట్లయితే మన మనుషులే. మీకు మంచిదే ఇస్తాను రండి" అని ఒక పెద్ద పెట్టె దగ్గరికి తీసుకుపోయాడు. నాలుగు స్పీకర్లది, అడుగున చక్రాలు. వేలితో తోసి చూపించాడు. "చూడండమ్మా, చిన్నపిల్ల కూడా తోసుకుపోవచ్చు."

"బస్సు మెట్లు తోసుకుంటూ ఎక్కేదెట్ల?"

"బస్సా? దీన్ని బస్సులోనా?"

"మరేమి, విమానంలోనా?"

గోపీనాథ్ తేరుకుని రెండో రకం తెచ్చాడు. బుల్లి పెట్టె, పది అంగుళాల స్పీకరు ఒక్కటే. తీగ మీటగానే దుకాణం అద్దాలు గడగడలాడాయి. ఇళంగో మొహం వెలిగిపోయింది. "ఇదే చాలు గదా! ఎంత సత్తం!" అన్నాడు. గోపీనాథ్ కూడా బిల్లు పుస్తకం మీద చెయ్యి వేశాడు.

"బయట పెట్టు" అంది ఆరాయి.

"ఏమి?"

"పెట్టెను రోడ్డు పక్కన పెట్టి వైరు లాగు. నేను వాయించేది నీ దుకాణంలో కాదు తంబీ. కోయిల్ ముందర, పొలం పక్కన, పైన ఆకాశం తప్ప ఏమీ ఉండదు. ఈడ నాలుగు గోడలు దానికి సాయం చేస్తా ఉండాయి."

అట్లాంటి వాడుక లేదన్నాడు. అయితే మాకు కొనే వాడుకా లేదని ఆమె చెప్పులు వేసుకుంది. అతను చేసేదేమీ లేక పెట్టెను ఫుట్‌పాత్ మీదికి తెచ్చాడు. ఆరాయి లావు తీగ మీటింది. లోపల అద్దాలు అదరగొట్టిన పెట్టె బయట గొంతు పూడుకుపోయినట్టు కుయ్‌మంది. సిటీ బస్సు ఒకటి పోతే ఆ కాస్తా వినబడలేదు. ఇళంగో నోరు మూసుకున్నాడు. పెళ్ళాం చెప్పింది సరిపోయినప్పుడల్లా అతను చేసే పని అదే.

అప్పుడు గోపీనాథ్‌కు కూడా కాస్త పట్టుదల పుట్టింది. లోపలినుంచి పన్నెండు అంగుళాల స్పీకరున్న పెట్టె తెచ్చాడు. కొత్తరకం అయస్కాంతమట, పెట్టె మొత్తం పదమూడు కిలోలేనట. ఫుట్‌పాత్ మీదే పెట్టి చూశారు. ఒక్కటి పెడితే పరవాలేదు. దానిమీద అట్లాంటిదే ఇంకొకటి నిలబెట్టి మీటితే, పై స్పీకరు ఆమె చెవికి దగ్గరగా వచ్చింది, కింది స్పీకరు అరికాళ్ళకు తెలిసింది. అవతలి పక్క బస్‌స్టాపులో నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగారు. ఆరాయికి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. పళనిలో తన చెవికే వినబడనిది ఇక్కడ రోడ్డు దాటి వినబడింది.

అయినా ఆమె బోల్తాపడే రకం కాదు. మొదట పట్టుకునే పిడి చూసింది. పక్కన పిడి ఉంటే నడిచేటప్పుడు మోకాలికి కొడుతుంది. దీనికి పైనే ఉంది. రెండు చేతులతో రెండు పెట్టెలూ ఎత్తుకుని వీధి మూలదాకా నడిచి వెనక్కి వచ్చింది. ఊపిరి ఎగపోయలేదు. ముందువైపు గుడ్డ వేసిన రకం వద్దంది, ఇనుప జాలీదే కావాలంది. "బస్సులో దీనిమీద ఎవరో ఒకరు కూచోకుండా ఉంటారా?" అని ఇళంగోతో అంది. ఆ తరువాత పెట్టెను వెనక్కి తిప్పి అక్కడున్న రేకు మీద, స్పీకరు కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె చదివింది.

"తంబీ, ఇది నాలుగు ఓమ్స్ అని ఉండాది."

"అవునమ్మా. రెండూ నాలుగే. నాలుగూ నాలుగూ ఎనిమిది. మీ యాంప్లిఫయర్‌కు ఇంకా హాయి."

"నా యాంప్లిఫయర్ నాలుగుకు తగ్గితే కాలిపోతాది."

"తగ్గేది యాడమ్మా, పెరుగుతాది గదా? ఈ పెట్టెనుంచి ఆ పెట్టెకు, వరసగానే కదా వైరు పోయేది!" ఏమీ తెలియని ఆడమనిషికి ఓపిగ్గా చెప్పేవాళ్ళు ఒక గొంతు పెడతారే, ఆ గొంతు పెట్టాడు.

ఆరాయి వాదించలేదు. సంచిలోనుంచి మీటరు తీసింది. రోజూ కంపెనీలో వాడేదే. రెండు పెట్టెలకూ వైరు కలిపి, దాని కొసకు మీటరు ముళ్ళు ఆనించి, అంకెలు అతని మొహం ముందు పెట్టింది. ఎనిమిది కాదు గదా, రెండు కూడా చూపించలేదు.

"వైరు పైకి వరసగా కనబడతాది. లోపల పక్కపక్కనే కలుస్తాది. నాలుగూ నాలుగూ అట్ల కలిస్తే రెండు. ఎనిమిదీ ఎనిమిదీ కలిస్తే నాలుగు. నేను ఇరవై రెండేళ్ళుగా కాయిల్ చుడతా ఉండా. నాకు ఎనిమిది ఓమ్స్‌వి కావాలి, రెండు."

గోపీనాథ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ మీదట అతని మర్యాదే వేరు. ఎనిమిది ఓమ్స్‌వి గోడౌన్‌లో ఉన్నాయి, రావడానికి రెండు గంటలు పడుతుందన్నాడు. "తెప్పించు. కూచుంటాము" అంది ఆరాయి. కూర్చున్నారు. వచ్చినవాటిని కూడా మీటరు పెట్టి చూసిన తరువాతే బిల్లు రాయనిచ్చింది.

పండుగ రోజు మధ్యాహ్నం వీపున గిటారు, భుజాన యాంప్లిఫయర్ సంచి, చేతికొక పెట్టెతో ఆమె మేట్టుపాళయం బస్సెక్కింది. కండక్టరు గొడవపడ్డాడు, సామాను టికెట్టు కొట్టించుకున్నాక ఊరుకున్నాడు. కూరగాయల మండీకి పోతున్న ఒక పెద్దాయన నిజంగానే పెట్టె మీద కూర్చున్నాడు. ఆరాయి నవ్వుకుంది. మేట్టుపాళయంలో దిగి గుడి దాకా నడిచింది. మధ్యలో రెండుసార్లు దింపి చేతులు దులుపుకుంది. ఎవరో కుర్రవాళ్ళు సాయం చేస్తామంటే వద్దంది.

ఇంకా ఎండ పోలేదు. స్టేజీ మీద వాద్యాలు సర్దుతున్న లక్ష్మణన్ ఆమెను చూసి ఒక్క క్షణం బిత్తరపోయాడు. ఆమె వెనక ఎవరైనా మోసుకొచ్చారేమోనని చూశాడు. ఎవరూ లేరు.

"వచ్చేసినావా అక్కా!" అని స్టేజీ అంచుకు వచ్చాడు. "నువ్వు రావని చోటు లెక్కేసినాము గదా... సరి, వచ్చినావు. ఒకటి చెయ్యి. కింద, ఆ మెట్ల పక్కన పెట్టుకుని వాయించు. ఎవరికి తెలుస్తాది?"

ఆరాయి పెట్టెలు నేలమీద దించలేదు.

"లక్ష్మణా, మా తాత బతికినన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ వాకిళ్ళ బయట నిలబడి తప్పెట కొట్టినాడు. లోపలికి రా అన్నవాడు లేడు. మా నాయన స్టేజీ ఎక్కినాడు. నేను మళ్ళీ కిందికి దిగేదా? మీ తాత కూడా ఆ వాకిళ్ళ బయటే కొట్టినాడు. మరిచిపోయినావా?"

డ్రమ్ముల కింద మేకులు కొడుతున్న డ్రమ్ములవాడు సుత్తి ఆపేశాడు. లక్ష్మణన్ మైకు వైరు సర్దుతున్నట్టు కిందికి వంగాడు.

స్టేజీ ఆమె రొమ్ము ఎత్తు ఉంది. మెట్ల వైపు పోలేదు. ఒక పెట్టెను రెండు చేతులతో ఎత్తి పలకల మీదికి తోసింది. రెండోదీ తోసింది. తరువాత తాను ఎక్కింది. డ్రమ్ములకూ కీబోర్డుకూ నడుమ ఉన్న కుర్చీని తీసి పక్కన పెట్టి, పెట్టె మీద పెట్టె నిలబెట్టింది. వైర్లు బిగించింది. సౌండ్ సెట్ వాడు తన వైరు పట్టుకుని వచ్చి, "ఇందులో పెట్టు అక్కా, నేను చూసుకుంటా" అన్నాడు.

"నువ్వు చూసుకున్నది పళనిలో చూసినా. పో" అంది.

లక్ష్మణన్‌కు అప్పటికి నోరు వచ్చింది. ఆరాయితో కాదు, కీబోర్డు దగ్గరున్న మాలినితో. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, చేరి రెండేళ్ళయింది. "మాలినీ, నువ్వు ఎడంచెయ్యి మామూలుగా వాయించు. ఆపొద్దు" అన్నాడు.

గుడి ముందర జనం చేరుతున్నారు. ఆరాయి లావు తీగ మీద ఒక్క దెబ్బ వేసింది. స్టేజీ పలకలు జుమ్మన్నాయి. పొంగలి పెడుతున్న ఆడవాళ్ళు తలలెత్తారు. దూరంగా బుడగలమ్మేవాడు కూడా ఇటు తిరిగాడు.

మాలిని లక్ష్మణన్ వైపు చూసింది, ఆరాయి వైపు చూసింది. ఎడమచెయ్యి కీబోర్డు మెట్ల మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"రెండు బేసులు ఏందుకు అణ్ణా? అక్క ఉండాది గదా" అంది.

లక్ష్మణన్ పళ్ళు కొరుక్కున్నాడు. ఇక పాట మొదలుపెట్టించడానికి ఒకటీ రెండూ అని లెక్క చెప్పబోతూ చెయ్యి పైకెత్తాడు. ఆరాయి ఆ చెయ్యి దిగేదాకా ఆగలేదు. తానే మొదలుపెట్టింది, మిగతావాళ్ళు ఆమె వెంట వచ్చారు.