గుహ నోటికి కట్టిన ఫ్లెక్సీ

గబ్బిలాలను కాపాడటానికి మా కాలేజీ వాళ్లు పెట్టిన సభ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పాలంపేట దాటాక అడవిలో ఒక సున్నపురాయి గుట్ట ఉంది. దాని గుహలో పురుగులు తినే చిన్న గబ్బిలాలు ఉండేవి. హనుమకొండలో జువాలజీ పాఠాలు చెప్పే నేను, సెలవు దొరికితే చాలు, బస్సెక్కి అక్కడికే పోయేదాన్ని. చీకటి పడుతుండగా అవి బయటికొచ్చి వరి పొలాల మీద పురుగులను పట్టుకుంటుంటే చూసి కడుపు నిండేది. పోయిన ఏడు తల్లులు పిల్లలను పెట్టాయి. ఎగరడం రాని పసికందులు, తల్లి రొమ్మును కరుచుకుని వేలాడేవి. ఇప్పుడు బెదిరిస్తే ఆ పిల్లలు బతకవు, ఎవరూ అటు పోవద్దని కాలేజీలో చెప్పాను. చెప్పడమే ఆలస్యం, గబ్బిలాల పరిరక్షణ సభ అన్నారు. ఎక్కడయ్యా అంటే, ఆ గుహ ముందే!

మన దగ్గర ఫ్లెక్సీ లేనిదే మంచి పని మొదలు కాదు కదా. ముఖ్య అతిథి మొహం గుమ్మడికాయంత, మూలన గబ్బిలం బొమ్మ ఉసిరికాయంత. అదీ పళ్లు తినే గబ్బిలం, మా గుహలో అలాంటిది ఒక్కటీ లేదు. చుట్టూ అన్ని చెట్లుండగా, ఫొటోలో గుహ కూడా పడాలని దాన్ని సరిగ్గా గుహ నోటికే అడ్డంగా కట్టారు.

"సార్, పొద్దుగూకక ముందే అది విప్పాలె. అవి బయటికొచ్చే తొవ్వ అది," అన్నాను ప్రిన్సిపాల్‌తో.

"జర ఆగుండ్రి మేడం, పెద్దసారు వస్తాండు. ఆయన ఫొటో విప్పితె ఏమనుకుంటడు?"

పొద్దుటి సభకు పెద్దసారు సాయంత్రం దిగారు. వేళకు వస్తే హోదాకు నామోషీ మరి. రాగానే స్వాగతమంటూ పటాకులు పేల్చారు. ఆయనకు చూపిద్దామని ఫ్లెక్సీ పక్క సందులోంచి పెద్ద లైటు గుహలోకి తిప్పారు. శాలువా కప్పుతుండగా బెదిరిన తల్లులు పిల్లలతో సహా ఎగిరొచ్చి, వచ్చినవి వచ్చినట్టే ఫ్లెక్సీకి కొట్టుకున్నాయి. "మీద పడుతున్నయ్!" అని అరుస్తూ పెద్దసారు శాలువాలో తల దూర్చి కారు వైపు ఉరికారు.

నేను తాళ్లు తెంపేసరికి కింద పిల్లలు రాలి ఉన్నాయి. కొంగులో ఏరుకుని ఒక్కొక్కదాన్నీ లోపలి గోడకు ఆనించాను, తల్లులు వెతుక్కుంటాయేమోనన్న ఆశతో. తల్లులు తిరిగి రాలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను. మర్నాడు పేపర్లో మాత్రం సభ విజయవంతమైందని రాశారు.

ఈ ఏడు మళ్లీ అదే చోట సభ. గుహలో ఒక్క గబ్బిలం లేదు. ఈసారి సన్మానం నాకేనట, ఫ్లెక్సీ మీద నా మొహం కూడా వేసి మళ్లీ గుహ నోటికే కట్టారు. ప్రిన్సిపాల్ నా దగ్గరికి వచ్చి సంతోషంగా చెప్పారు:

"ఈసారి మీరేం ఫికర్ చెయ్యకుండ్రి మేడం. ఎంత పొద్దుపోయినా ఫ్లెక్సీ విప్పే పని లేదు. లోపల ఒక్కటి గూడ లేదు గద!"