శరణార్థి పత్రం

మా ముత్తాత కాకినాడ రేవు నుంచి రంగూన్‌కు కూలీలను ఓడలెక్కించిన పెద్ద మేస్త్రీ. ఆయన కొడుకు, అంటే మా తాత, రంగూన్‌లో రెండు బియ్యం మిల్లుల యజమాని. ఆయన కారు వస్తుంటే అక్కడి తెలుగు వీధిలో జనం లేచి నిలబడేవారట. ఆ దేశం మొదట కొత్తగా వచ్చేవాళ్లకు తలుపులు మూసింది. తరవాత ఉన్నవాళ్లకు విదేశీయుల కార్డులిచ్చి ఏటా రుసుము గుంజింది. చివరికి మిల్లులు లాక్కుని కట్టుబట్టలతో ఓడెక్కించింది. నాయనమ్మ కొప్పులో దాచి తెచ్చిన కెంపుల కమ్మలు తప్ప ఏమీ మిగల్లేదు. విశాఖ రేవులో మన ప్రభుత్వం శరణార్థి పత్రం చేతికిస్తే తాత చించి సముద్రంలో పారేశారు. "నా దేశంలో నేను శరణార్థినా?" అన్నారట. ఆ మాట వింటూ పెరిగాను. ఇప్పటికీ అదే సరైన మాట అంటాను.

మేముండే ఘాజియాబాద్ వైశాలి కాలనీకి ఇంకా మెట్రో రాని రోజుల్లో, పెళ్లై రంగూన్‌లోనే ఉండిపోయిన మేనత్త మంచాన పడిందని కబురొచ్చింది. తమ్ముణ్ణి ఒక్కసారి చూడాలంటోందట. నాన్నకు పాస్‌పోర్టు కావాలి. కిటికీ అవతలి గుమాస్తా దరఖాస్తు చూసి, "పుట్టింది రంగూన్‌లోనా? మరి హిందుస్తానీ ఎలా అయ్యారు అంకుల్‌జీ?" అన్నాడు హిందీలో. ముప్పై రెండేళ్లు కేంద్ర ప్రభుత్వానికి చాకిరీ చేసిన మనిషిని! పెన్షన్ పుస్తకం చూపిస్తే పక్కకు జరిపాడు. శరణార్థి పత్రం కావాలట.

మేం తెలుగులో గొణుక్కోవడం విని అతని ముఖం మారింది. "మాది సికాకులమండి. ఆ కాయితం పోయిందని రాసీండి బాబూ. శరణార్థిగా వచ్చినాను, నకలు ఇప్పించండి అని ఒక్క ముక్క. మిగతాది నేను సూసుకుంతాను."

నాన్న కలం తీశారు. నేను కాగితం లాక్కున్నాను. "మీ తాతలను ఓడెక్కించిన వంశం మాది. మేం శరణార్థులమని రాయాలా?"

అతను నవ్వాడు. "ఎక్కించినారు బాబూ. మా తాతా ఎక్కినాడు. ఏం రాసుందో తెలీకుండానే మీ మేస్త్రీలు సూపిన కాడ ఏలిముద్ర ఏసీసినాడు. మీకు సదువుంది గదా, సదువుకునే సంతకం పెట్టండి."

ఆటోలో ఇల్లు చేరేదాకా ఆ చట్టాలన్నిటినీ తిట్టాను. ఒక దేశం పరాయివాడివని కార్డిచ్చి తరిమింది. ఇంకో దేశం, ఆ తరిమినదానికి రుజువు తెస్తేనే మనవాడివంటోంది. నాన్న అంతా విని ఒక్క మాటన్నారు: "చించింది మా నాన్న. అక్కను చూడలేకపోయేది నేను."

మర్నాడు ఒక్కరే వెళ్లి సంతకం పెట్టి వచ్చారు. నాతో చెప్పలేదు. నెలల తరవాత పాస్‌పోర్టు వచ్చింది. వెళ్లి పది రోజులు అత్త మంచం పక్కన కూర్చుని వచ్చారు. ఆ సంతకాన్ని నేను ఇవాళ్టికీ క్షమించలేదు. పెట్టించుకున్న చట్టాన్ని అంతకన్నా క్షమించలేదు.

విమానం టిక్కెట్టు కోసం నాన్న, నాయనమ్మ కెంపుల కమ్మలను ఘాజియాబాద్‌లో ఒక నగల దుకాణంలో అమ్మేశారు.