లింగవ్వ ఒడిలో పడిన తీర్పు

మా సాలెవాడలో అనసూర్య నవ్వు తెలియనివాళ్లు లేరు. ఏడవాల్సిన చోట కూడా ఆమెకు ముందు నవ్వే వచ్చేది. షోలాపూర్‌లో పుట్టిన పిల్ల. వాళ్ల తాతలు ఈ సిద్దిపేట నుంచే నేత పని వెతుక్కుంటూ అక్కడికి పోయి స్థిరపడ్డారు. అది ఇంగ్రేజు సర్కారు ఇలాకా, ఇది నైజాం సర్కారు. పెళ్లయి ఇటు వచ్చిన కొత్తలో ఆమె మాటల్లో సగం మరాఠీ దొర్లేది. బావి దగ్గర ఆడవాళ్లు కావాలని ఆమెను మాట్లాడించి వినేవారు. వాళ్ల కంటే ముందు తనే నవ్వేసేది.

ఆ ఇంట్లో ఆమెకు దిక్కు అత్త లింగవ్వ. కోడలు మొదటి ఏడాది పుట్టింటి మీద బెంగపడి అన్నం ముట్టకపోతే, లింగవ్వ షోలాపూర్ వాళ్లు చేసే పల్లీల కారం ఎలా దంచాలో ఆ పిల్లనే అడిగి నేర్చుకుంది. మూడుసార్లు చెడగొట్టి నాలుగోసారి కుదుర్చుకుంది. తర్వాత లింగవ్వకు చూపు మందగించింది. తెగిన పోగులు అతకడం ఆమెకు చేతకాక, అనసూర్యే చాటుగా అతికి, "మా అత్త అతికింది, సూడుండ్రి ఎంత సన్నగున్నదో" అని వాడంతా చూపించేది. ఆ పోగులు ఎవరు అతికారో వాడంతటికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

భర్త బుచ్చయ్య చెడ్డవాడు కాదు గాని నిలకడ లేనివాడు. పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, చీరెల మూట భుజాన వేసుకొని రాయపోల్ పోయాడు. నాలుగో రోజు తిరిగి వచ్చాడు. మూటలో ఒక్క చీర తక్కువ. అది అతని వెనక నిలబడ్డ మనిషి ఒంటి మీద ఉంది. ఆమె పేరు పోచవ్వ. గుళ్లో దండలు మార్చుకున్నామని చెప్పాడు.

అనసూర్య ఇద్దరినీ ఎగాదిగా చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆగాక, "అత్తా, నాకు ఇడుపు ఇప్పియ్యి. నా బిడ్డను తీసుకొని మా అన్న కాడికి పోత" అంది. బిడ్డ పేరు దుర్గవ్వ, ఆరేళ్లది. అందరూ దుర్గీ అని పిలిచేవారు.

మా కులంలో విడాకులు దొరకడం కష్టం కాదు. పిల్ల దొరకడమే కష్టం. తండ్రి ఇంటి పిల్ల తండ్రి ఇంట్లోనే ఉండాలంటారు. అందుకే అనసూర్య ముందు కచేరికి పోయింది. అక్కడ చింతచెట్టు కింద అర్జీలు రాసే ముసలాయన అంతా విని తల గోక్కున్నాడు. "బేటీ, నీ పెండ్లి అయింది ఆ ఇలాకాల. కాపురం ఈ ఇలాకాల. నేను ఏ సర్కారుకని రాయాలె? మీ కులపోళ్ల కాడికే పో" అన్నాడు. పైసా తీసుకోకుండా, ఎండలో వచ్చిందని తన కూజాలోని నీళ్లు ఇచ్చి పంపాడు.

సోమవారం పొద్దున మార్కండేయ స్వామి గుడి ముందు పంచాయితీ కూర్చుంది. మగ్గాలన్నీ ఆగాయి. కులపెద్ద భూమయ్య నడుమ కూర్చున్నాడు.

"ఏం కావాలె పిల్లా నీకు?"

"ఇడుపు కావాలె మామా. నా బిడ్డ కావాలె."

"బుచ్చయ్య కొట్టిండా?"

"లేదు."

"తిండి పెడ్తలేడా?"

"పెడ్తుండు మామా. మా ఇద్దరికీ ఒక్కతీరు పెడ్తుండు, గదే నా బాధ" అంటూనే ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామని స్తంభం పట్టుకుంది. భుజాలు ఊగిపోతున్నాయి. వెనక ఆడవాళ్లలో ఒకరికి అంటుకొని, అక్కడి నుంచి వరుసంతా పాకింది.

"గిది పంచాయితా, చిందాటనా?" అని భూమయ్య గద్దించాడు. ఆయన మీసం కూడా కదిలిందని ముందు వరుసలో కూర్చున్నవాళ్లు తర్వాత చెప్పుకున్నారు.

బుచ్చయ్య లేచాడు. "ఇడుపు ఇస్త. పిల్లను మాత్రం ఇయ్య. నూలు కండెలు చుట్టుడు ఇప్పుడే నేర్చుకుంటున్నది. గంత దూరం తోలిస్తే మల్ల నా కండ్లకు కనబడ్తదా?" అన్నాడు. ఆ చివరి మాట అన్నాక అతను నిజంగానే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

పెద్దలు గుసగుసలాడుకున్నారు. అనసూర్య పుస్తెలు తీసి స్వామి ముందు పెట్టింది. బడి చెప్పే యోబు పంతులు ఇడుపు కాగితం రాశాడు. బుచ్చయ్య వేలిముద్ర వేశాడు. అంతవరకు తేలికగా జరిగిపోయింది. ఇక పిల్ల మాట.

భూమయ్య పాత కట్టుబాటు చెప్పాడు. పిల్ల తండ్రి వైపే ఉండాలి. అయితే సవతి తల్లి ఉన్న ఇంట్లో ఆడపిల్లను తండ్రి చేతికి ఇవ్వరు. నాయనమ్మ బతికి ఉంటే ఆమె ఒడిలో కూర్చోబెడతారు. పిల్ల మీద అధికారం ఇక ఆమెదే. తల్లి అడగకూడదు, తండ్రీ అడగకూడదు. ఆకూ వక్కా ఆమె చేతిలో పడితే తీర్పు పడినట్టే. స్వామి ముందు పడిన ఆకును తిరిగి తీసుకోవడం మా కులంలో ఎప్పుడూ లేదు.

దుర్గీని తీసుకొచ్చి లింగవ్వ ఒడిలో కూర్చోబెట్టారు. భూమయ్య ఆకూ వక్కా ఆమె చేతిలో పెట్టాడు. అనసూర్య ముఖంలో నవ్వు లేదు. అలా ఆమెను మేమెవరం ఎన్నడూ చూడలేదు.

లింగవ్వ ఆకును కళ్ల దగ్గరికి తెచ్చుకొని చూసింది.

"మరిదీ, గిది పడ్డట్టేనా?"

"పడ్డట్టే వదినె."

"మల్ల గుంజుకుంటరా?"

"స్వామి ముందట పడ్డ ఆకు, ఎట్ల గుంజుకుంటం?"

"అయితే నేను యాడుంటే పిల్ల గాడ."

"అంతే గద."

"మంచిది. నేను షోలాపూర్ పోతున్న" అంది లింగవ్వ.

భూమయ్యే ముందు తేరుకున్నాడు.

"గట్లెట్ల పోతవు వదినె?"

"బస్సుల పోత మరిదీ."

ఇక నవ్వు ఆగలేదు. అనసూర్య నేల మీద కూలబడి నవ్వుతూ ఏడుస్తూ ఉంది. పెద్దలు తలలు దగ్గర పెట్టి పాత తీర్పులన్నీ తవ్వుకున్నారు. నాయనమ్మ ఊరు దాటకూడదని ఎక్కడా లేదు. "మన తాతలకు గీ ఆలోచనే రాలే" అని ఒక ముసలాయన చేతులెత్తేశాడు.

"అవ్వా, నువ్వు పోతే నాకు బువ్వ ఎవరు పెడ్తరు?" అన్నాడు బుచ్చయ్య.

"మొన్ననే తెచ్చుకుంటివి గద కొడుకా."

"ముందే అనుకున్నవా అత్తా?" అని అనసూర్య తర్వాత అడిగింది. "లేదు బిడ్డా. ఆకు చేతిల పడ్డంక సోయికొచ్చింది. ఆ స్వామే చెప్పిండు" అంది లింగవ్వ. నేనూ ఆ మాటే నమ్ముతాను.

మర్నాడు బయలుదేరారు. దారికి జొన్నరొట్టెలు చేసి మూటకట్టింది పోచవ్వ, తెల్లవారకముందే లేచి. బుచ్చయ్య తల్లి మూటను బస్సు మీదికి ఎక్కించి రెండు ముళ్లు వేసి, దుర్గీ తల నిమిరి, "దసరకు వస్త" అన్నాడు. తర్వాత వచ్చాడు కూడా.

లింగవ్వకు ఒకటే భయం. తీర్పు ఒడిలో పడింది కాబట్టి, పిల్ల ఒడి దిగితే తీర్పు చెల్లదేమోనని. సిద్దిపేటలో ఒడిలో పెట్టుకున్న పిల్లను దారంతా దించలేదు. బయటికి పోవాల్సి వస్తే తన కొంగు పిల్ల మొలకు ముడివేసి వెంట నడిచేది. వాళ్లు ఎక్కింది బొగ్గుతో నడిచే బస్సు. మొదటి ఎత్తు దగ్గరే ఆగిపోయింది. అందరూ దిగి నెట్టాలన్నాడు డ్రైవరు.

"నేను దిగ. పంచాయితీ తీర్పున్నది" అంది లింగవ్వ.

డ్రైవరుకు ఏమీ అర్థం కాలేదు. అయినా, "సరే అవ్వా, నువ్వు కూసో" అన్నాడు. ముప్పై మంది కలిసి ఆ తీర్పును గట్టెక్కించారు. అనసూర్య నెట్టలేకపోయింది, నవ్వుతో చేతుల్లో బలం లేక. బస్సు దిగి రైలెక్కేటప్పుడు కూడా లింగవ్వ కొంగుముడి విప్పలేదు. రైలు నైజాం సరిహద్దు దాటే చోట సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి జవాను సామాన్లు తనిఖీ చేస్తూ లేచి నిలబడమన్నాడు. లింగవ్వ మొత్తం కథ మొదటి నుంచి చెప్పింది. ఆయన సగం విని దండం పెట్టి పక్క డబ్బాకు పోయాడు.

షోలాపూర్ స్టేషన్‌లో అనసూర్య అన్న నర్సింహ టెలిగ్రాం అందుకొని ఎదురొచ్చాడు. అప్పటికి లింగవ్వ కాళ్లు మొద్దుబారాయి. నర్సింహ, ఒక హమాలీ కలిసి ఆమెను పిల్లతో సహా ఎత్తి టాంగాలో కూర్చోబెట్టారు.

"అత్తా, ఇగనన్నా దించు. ఇల్లొచ్చింది" అంది అనసూర్య.

"ఇల్లు కాదు. మన స్వామి గుడి ఏడున్నది గీ ఊర్ల?"

టాంగా గుడికి మళ్లింది. అక్కడా మార్కండేయ స్వామే. లింగవ్వ ఆయన ఎదుట కూర్చొని, "స్వామీ, ఆడ నా ఒడిల పెట్టినవు. నా ఇష్టంతోని దీని తల్లికిస్తున్న. మావోళ్లకు నువ్వే చెప్పుకో" అని దుర్గీని అనసూర్య ఒడిలోకి జరిపింది.

అనసూర్య రెండు చేతులా వాటేసుకోబోయింది. దుర్గీ మాత్రం, "ఎవ్వల ఒడి వద్దు నాకు, కాళ్లు గుంజుతున్నయి" అని విడిపించుకొని గుడి చుట్టూ పరుగు తీసింది.