కాలవ మలుపు లెక్క

పిడుగురాళ్ల అవతల, మేజరు కాలవ కట్ట మీద ఒక మలుపుంది. ఊరు ఊరంతా రోజూ దాని మీదుగానే పొలాలకు వెళ్లి వస్తుంది. ఆ మలుపును చూసి భయపడిన మనిషి మాత్రం ఊళ్లో ఒక్కతే. అదీ అక్కడికి వెళ్లి కాదు, ఇంట్లో కాగితం ముందు కూర్చుని భయపడింది. ఆమె పేరు బిందుమాధవి, ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్.

బిందుమాధవిది మామూలు లెక్కల పిచ్చి కాదు. స్టవ్ మీద పాలు పొంగేలోపు ఒక ఇంటెగ్రేషన్ ముగించే రకం. పొద్దున్నే నాలుగు ప్రాబ్లమ్స్ చేస్తే తప్ప కాఫీ గొంతు దిగదు. ఎమ్మెస్సీ పూర్తయి ఏళ్లు గడిచినా ఆ అలవాటు పోలేదు. "ప్రాక్టీసు మానేస్తే చెయ్యి మొద్దుబారిపోద్ది" అంటుంది. పుస్తకాల్లో లెక్కలు చాలవన్నట్టు సొంతంగా తయారుచేసి మరీ పిల్లల మీదికి వదులుతుంది. కల్లంలో కాయల రాశిని పరుస్తుంటే ఎత్తు తగ్గేకొద్దీ చుట్టుకొలత ఏ రేటున పెరుగుతుందో కాలిక్యులస్‌లో కట్టమంటుంది. గుంటూరు యార్డు ధరలిచ్చి సగటు, విచలనం తియ్యమంటుంది. పిల్లలు ఊరుకుంటారా? ‘మిరపకాయ్ మేడం’ అని పేరు పెట్టేశారు. అది చెవినపడి ఆమె నవ్వుకుంది కూడా. ఎందుకంటే ఆమె చదివిన ప్రతి క్లాసుకూ ఫీజు కట్టింది మిరపకాయలే.

ఆ కాయలు కోసింది తల్లి వెంకటరావమ్మ. మొగుడు పోయినప్పటినుంచీ కూలికి పోయి కూతుర్ని చదివించింది. ఇప్పుడు కాయ కోతల ముఠాకి ఆమే మేస్త్రి. కూతురికి ఉద్యోగం వచ్చాక కూడా మానలేదు. "కూర్చుంటే కాళ్లు పడిపోతాయే" అని ఒకటే మాట. సాయంత్రం ఇంటికొచ్చి, ఘాటుకి మండే చేతుల్ని మజ్జిగ గిన్నెలో ముంచుకుని, కూతురు లెక్కలు చేస్తుంటే అర్థమైనట్టే చూస్తూ కూర్చునేది. ముఠాలో ఆమెకు కుడిభుజం సైదాబీ. సైదాబీ కూతురు సైమా బిందుమాధవి దగ్గరే ఇంటర్ రెండో ఏడు చదువుతోంది.

జనవరి నెలాఖరంటే పత్తి చివరి తీత, మిరప మొదటి కోత ఒకదాని మీద ఒకటి వచ్చి పడే రోజులు. ఆ ఏడు ముఠా యలమందయ్య పొలంలో దిగింది. యలమందయ్య వరసకి బిందుమాధవికి బాబాయి. కొత్త ట్రాక్టరు కొని, దాన్ని పెళ్లికొడుకులా చూసుకుంటున్నాడు. సాయంత్రం అతను దాని వెనక తగిలించిన ట్రక్కు నింపే పద్ధతి ఒకటుంది. అడుగున పత్తి బోరాలు, వాటి మీద పండు మిరపకాయల బస్తాలు, ఆ బస్తాల మీద మనుషులు. కాయల్ని కింద వేస్తే నలిగి పగిలిపోతాయి, పత్తికి ఎర్రమరక అంటుతుంది. మరక పడ్డ పత్తిని చూసి కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. పైగా దారిలో కల్లం ముందొస్తుంది, ఇల్లు తర్వాత. ముందు దించాల్సిన సరుకు పైనే ఉండాలి కదా! ఎంత తెలివైన పద్ధతి! బుర్రున్న రైతు ఎవడైనా ఇలాగే నింపుతాడు. బరువంతా నెత్తికెక్కి కూర్చుంటోందన్న సంగతి మాత్రం ఆ బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు.

ఒక ఆదివారం బిందుమాధవి గుమ్మంలో నిలబడి ఉండగా ఆ ట్రక్కు వీధిలోంచి వెళ్లింది. అందరికంటే పైన, బస్తాల మీద కాళ్లు బార్లా చాపుకుని వాళ్లమ్మ కూర్చుని ఉంది. కూతుర్ని చూసి చెయ్యూపింది. తిరిగి చెయ్యూపాల్సిన బిందుమాధవి చక్రాల మధ్య దూరాన్నీ, లోడు ఎత్తునీ చూస్తూ ఉండిపోయింది. వచ్చే శనివారం టెస్టుకి మెకానిక్స్‌లో మంచి లెక్క దొరికిందనుకుంది. అప్పటికి అంతే అనుకుంది.

మర్నాడు టేపు పట్టుకుని వెళ్లి ఖాళీ ట్రక్కును కొలిచింది. "ఏంటమ్మా, నా ట్రక్కుకి జాకెట్టు కుట్టిస్తావా?" అని యలమందయ్య పగలబడి నవ్వాడు. మలుపు వంపు ఎంతో ఫోనులో మ్యాపు చూసి తీసుకుంది. రాత్రి అన్నం తినేలోపు జవాబొచ్చింది. ఆ లోడుతో ఆ మలుపులో గంటకి ఇరవై నాలుగు కిలోమీటర్లు దాటితే లోపలివైపు చక్రాలు నేలను వదిలేస్తాయి. ట్రక్కు బయటివైపున్న కాలవలోకి ఒరుగుతుంది.

జవాబు కంటే దానికి ముందున్న మెట్టు ఆమెను ఎక్కువ వణికించింది. సమీకరణంలో రెండు వైపులా m ఉంటుంది, అంటే ద్రవ్యరాశి. రెంటినీ కొట్టేస్తాం. ట్రక్కులో ఎంత బరువుందో, ఎవరున్నారో ఆ లెక్కకి అక్కర్లేదు. బిందుమాధవి పుట్టి బుద్ధెరిగాక ఆ m ని ఎన్ని వేలసార్లు కొట్టేసిందో! ఆ రాత్రి మాత్రం పెన్ను ఆగింది. కాసేపయ్యాక కొట్టేసి, అన్నానికి లేచింది.

పొద్దున్నే ట్రాక్టరు దగ్గర ముఠా అంతా ఉండగానే చెప్పింది. "బాబాయ్, కాయ బస్తాలు అడుగున వెయ్యి. పత్తి పైన వెయ్యి. ఆ కాలవ మలుపులో బండి పడిపోద్ది."

"ఇన్నేళ్లుగా తోల్తన్నా. ఎప్పుడన్నా పడిందా?"

"పడకపోతే ఇక పడదని కాదు బాబాయ్. నిన్న పడలేదన్న సంగతి ఇవాళ్టి బండికి తెలియదు."

"బండికి తెలియకపోయినా నాకు తెలుసులేమ్మా" అన్నాడు. ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు. అందరికంటే పెద్దగా నవ్వింది వెంకటరావమ్మే. "నీ లెక్కలు కాలేజీలో చెప్పుకోవే. నీళ్లడిగితే గ్లాసు ఎంత ఏటవాలుగా పట్టుకోవాలో చెప్పుద్దమ్మా మా పిల్ల!"

బిందుమాధవి మొహం ఎర్రబడింది. అయినా వదల్లేదు. చివరికి యలమందయ్యే, పిల్ల బాధపడుతోందని, "సరేలే తల్లీ, ఎంతలో పొమ్మంటావో చెప్పు" అన్నాడు. ఇరవై నాలుగు దాటొద్దంది. ఇరవై రెండు కూడా దాటనని అతను ట్రాక్టరు మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు.

ఆ సాయంత్రం మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకుని వెంకటరావమ్మ ఉన్నట్టుండి అడిగింది. "ఏ మలుపన్నావే? తూము దాటాక వచ్చేదేనా?"

"అదే. నువ్వు పైన కూర్చోకమ్మా. నడిచి రా."

"చూద్దాంలే" అని మాట మార్చేసింది. తల్లి మాట మార్చిందంటే వినలేదని అర్థమని బిందుమాధవి అనుకుంది. తల్లిని అంత తక్కువగా అంచనా కట్టినందుకు ఆమె తర్వాత చాలా ఏడ్చింది.

రోజులు గడిచాయి. ఏమీ జరగలేదు. జరగనిదానికి సాక్ష్యం ఏముంటుంది? యలమందయ్య కనిపించినప్పుడల్లా "ఇరవై రెండే!" అని వేళ్లు చూపించి నవ్వేవాడు. బిందుమాధవికి కూడా గుండెల్లో బరువు దిగినట్టే ఉంది.

టెస్టు అయిన వారానికి, శనివారం పొద్దున మెయిన్ రోడ్డు మీద కల్వర్టు పని జరుగుతోందని కాలేజీ వ్యాను కట్ట మీదకి మళ్లింది. మలుపులో బిందుమాధవి నీళ్ల సీసా సీటు మీంచి జారి, దొర్లుకుంటూ వెళ్లి కాలవ వైపు తలుపుకి కొట్టుకుంది. "మొన్న నీళ్లు వదిలాక ఈ పక్క కుంగిందండి" అన్నాడు డ్రైవరు. ఆమె సీసా తీసుకుని మళ్లీ పేపర్లు దిద్దుకుంది.

ఆ సాయంత్రం చివరి పీరియడ్‌లో, టెస్టులో ఇచ్చిన ట్రక్కు లెక్కను బోర్డు మీద వివరిస్తోంది. సైమా లేచి నిలబడింది.

"మేడం, రోడ్డు సమతలంగా ఉందని ప్రశ్నలో ఇవ్వలేదు. మనమే అనుకోవాలా?"

"ఇవ్వకపోతే సమతలమనే అనుకోవాలమ్మా."

ఆ మాట నోట్లోంచి వచ్చాక సీసా గుర్తొచ్చింది. అది ఎటు దొర్లిందో గుర్తొచ్చింది. బిందుమాధవి బోర్డు మూలన కొంచెం చోటు తుడిచి, రోడ్డు వాలు ఉజ్జాయింపుగా అనుకుని, అది కలిపి మళ్లీ వేసింది. పిల్లలకి ఏమీ అర్థం కాలేదు. ఆమె చేతిలో సుద్దముక్క విరిగింది. రెండో ముక్కతో జవాబు రాసింది. ఇరవై.

"మేడం..." అంది సైమా. "యలమందయ్య బాబాయ్ ఇరవై రెండులో వస్తాడు కదా?"

క్లాసులో మిగతా పిల్లలకి అది అంకె. వాళ్లిద్దరికీ తల్లులు. బిందుమాధవి యలమందయ్యకి ఫోన్ చేసింది. ట్రాక్టరు మోతలో అతనికి ఏం వినపడుతుంది? తల్లి ఫోను ఎప్పుడూ అన్నం క్యారేజీ సంచిలో అడుగున ఉంటుంది. రింగవుతూనే ఉంది. ఇద్దరూ ఎవర్నీ అడక్కుండా బయటికొచ్చి ఆటో ఎక్కారు. దారి పొడుగునా సైమా తన ఫోనులోంచి తల్లికి కొడుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

కట్ట ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. కాలవ నీళ్ల మీద పండుకాయలు తెట్టులా కట్టి ఎర్రగా కదులుతున్నాయి. ట్రక్కు చక్రాలు పైకి పెట్టి పడి ఉంది. కొక్కెం తెగి ట్రాక్టరు రోడ్డు మీదే ఆగిపోయింది. ముఠా ఆడవాళ్లంతా కాస్త దూరంలో రోడ్డు మీద నిలబడి ఉన్నారు. ఒక్కరి చీర కూడా తడవలేదు. బిందుమాధవికి పోయిన ప్రాణం లేచొచ్చింది. సైమా పరుగెత్తుకెళ్లి తల్లిని పట్టుకుంది. బిందుమాధవి ఆ మొహాల్లో వాళ్లమ్మ మొహం కోసం వెతుకుతూ ఒక చివర్నించి ఇంకో చివరికి నడిచింది. మళ్లీ వెనక్కి నడిచింది.

"అమ్మ ఏది పిన్నీ?"

సైదాబీ కాలవ వైపు చూసింది. అక్కడ మగవాళ్లు నడుంలోతు నీళ్లలో దిగి బస్తాలు లాగుతున్నారు.

"నువ్వు చెప్పిన రోజు కాడ్నించీ ప్రతి సాయంత్రం తూము దగ్గర బండి ఆపించేదమ్మా" అంది సైదాబీ, ఏడుపు మధ్యలో. "మా పిల్ల లెక్క కట్టింది, ఊరికే కట్టదు, దిగి నడవండే అని మమ్మల్నందర్నీ దించేది. నువ్వూ దిగక్కా అంటే దిగేది కాదు. పైన ఒక మనిషి లేకపోతే బస్తాలు దొర్లిపోతాయి, నమ్మి పని చెప్పినోడి కాయ పాడుచేస్తామా అనేది. నీకు మాత్రం చెప్పొద్దంది. చెబితే నువ్వెందుకు దిగలేదని పోట్లాడుద్ది అంది."

కట్ట మీద కూలబడి ఉన్న యలమందయ్య, కుదుపుకి ట్రాక్టరు మీంచి పడి విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఆమెను చూశాడు. "ఇరవై రెండే తల్లీ. మీటరు చూస్తానే ఉన్నా. నువ్వు చెప్పింది దాటలేదు."

అతను ఆమెను నిందించడం లేదు. మాట నిలబెట్టుకున్నానని చెప్పుకుంటున్నాడు. నేను చెప్పిన అంకె తప్పు బాబాయ్ అని అరవాలనిపించింది. అంతలో నీళ్లలోంచి ఎవరో "దొరికింది" అన్నారు.

దినవారాలయ్యాక బిందుమాధవి కాలేజీకి వెళ్లింది. ఏం చెయ్యాలో తోచక, వదిలేసిన చోటునుంచే మొదలుపెట్టింది. అదే ట్రక్కు లెక్క. ప్రశ్నలో ఈసారి రోడ్డు ఎటు వాలి ఉందో, ఎంత వాలి ఉందో కూడా రాసింది. చెయ్యడానికి సైమాని బోర్డు దగ్గరికి పిలిచింది. ఆ పిల్ల వరసగా మెట్లన్నీ రాసుకుంటూ పోయింది. రెండు వైపులా m వచ్చింది. కొట్టెయ్యడానికి ఎత్తిన సుద్దముక్క అక్కడే ఆగింది.

"మేడం, ఉంచనా?"

"ఉంచు."

"ఉంచితే జవాబు రాదు మేడం."

"తెలుసమ్మా" అంది బిందుమాధవి. "కాసేపు ఉండనీ."

బెల్లు కొట్టేదాకా అది బోర్డు మీద అలాగే ఉంది.