నాయన చేతి మీద బండి చప్పుడు

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున కాఫీలు కాగానే నాయన స్కూటర్‌ను వాకిట్లోకి దింపి, పక్కనున్న రేకు మూత ఊడదీసి, గోనెపట్ట పరుచుకుని కూర్చునేవాడు. నేను ఎదురుగా గొంతుక్కూర్చునేదాన్ని.

కోవిల్‌పట్టిలో మా వీధంతా తమిళమే. మాది గడప లోపలి తెలుగు. నాయన మెకానిక్‌తో తమిళం మాట్లాడేవాడు, బండితో మాత్రం తెలుగే... "ఏందే, ఈ పొద్దు నీకేమొచ్చె?" అని.

నాయనది నూలు మిల్లులో పని. ఏళ్ళ తరబడి ఆ యంత్రాల హోరులో నిలబడి చెవులు మొద్దుబారాయి. దగ్గరికెళ్ళి గట్టిగా మాట్లాడితే వినపడేది. ఇంజన్ చప్పుడులో తేడా, వెనక బళ్ళ హారన్ మాత్రం తెలిసేవి కావు. చేత్తో పట్టుకుని చూద్దామన్నా, ఆ బండికి ఒళ్ళంతా ఎప్పుడూ వణుకే... బాగున్నదీ బాగాలేనిదీ ఒకటే.

ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు అనుకునేదాన్ని. అమ్మకు తెలిస్తే బండి ఉండదు. ఎదురింటి తాత లారీ హారన్ వినపడక సైకిల్‌తో సహా కాలవలో పడ్డ రోజున అమ్మ వడ్డిస్తూ తేల్చేసింది. "చెవి పోయినోడికి బండెందుకు? మన ఇంట్లో అయితే ఆ పొద్దే అమ్మేస్తును."

నాయన పళ్ళెంలో సగం అన్నం అలాగే వదిలి లేచి వెళ్ళాడు.

బండి పోతే నెలకోసారి విరుదునగర్‌లో అత్త ఇంటికి వెళ్ళడం పోతుంది. మిల్లు, ఇల్లు కాక నాయనకు ఉన్న సంతోషం అదొక్కటే...

అందుకే మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. నాయన కిక్ కొట్టి ఎడమ చెయ్యి నా ముందు చాపేవాడు. నేను ఆ చేతి వెనక, వేళ్ళతో బండి చప్పుడును తట్టేదాన్ని. ఇంజన్ అంత వేగం నా వేళ్ళకెక్కడిది... కానీ అది ఎక్కడ తప్పితే అక్కడ ఆపేదాన్ని. ఒక చోట కుదురుగా ఉండే పిల్లను కాను. ఆ చెయ్యి ముందు మాత్రం కదిలేదాన్ని కాదు.

"ఇట్ల తప్పుతాందా?"

"ఊఁ."

ప్లగ్గు విప్పి చూస్తే నల్లగా, తడిగా ఉండేది. ఉప్పుకాగితంతో గరగరా రుద్ది, ఉఫ్‌మని ఊది, మళ్ళీ బిగించేవాడు. చప్పుడు పైకి లేచి చచ్చిపోతే కార్బురేటర్‌లో నలుసు పడ్డట్టు. దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటే సైలెన్సర్ నిండా మసి. మళ్ళీ కిక్, మళ్ళీ చెయ్యి. నేను ఆపకుండా తడితే, "బాగుండాది కణ్ణూ" అని నా ముక్కు మీద గ్రీజు చుక్క పెట్టేవాడు.

"మసి మూతులు కడుక్కోని రండి ఇద్దరూ. లేకుంటే అన్నం లేదు" అని లోపల్నుంచి అమ్మ.

రోడ్డు మీదా అంతే. నేను ముందు, హ్యాండిల్ పట్టుకుని నిలబడేదాన్ని. వెనక బస్సు హారన్ కొడితే నాయన బొటనవేలు నొక్కేదాన్ని. బండి ఎడమకు జరిగేది.

తర్వాత నేను పొడుగయ్యాను.

"నీ తల అడ్డం, మీ నాయనకు రోడ్డే కనపళ్ళేదు. ఎనక కూర్చో" అంది అమ్మ. నేను కదల్లేదు. "ఏమే, పెండ్లికి కూడా ఆడనే నిలబడి పోతావా?"

నాయన గుడ్డతో సీటు తుడుస్తూ ఉన్నాడు. నా వైపు చూడలేదు.

ఆ నెల విరుదునగర్‌కు బయలుదేరితే అమ్మ వెనక నేను, స్టెప్నీని పట్టుకుని... దారంతా నల్లరేగడి చేలు, చెవుల నిండా గాలి. సాత్తూరు దాటాక ఇంజన్ ఒకసారి తప్పింది. ఇంకోసారి. నాయనను అందుకుందామంటే మధ్యలో అమ్మ. అరిస్తే ఆ గాలిలో ఆయనకు వినపడదు. అమ్మకు చెప్పలేను. వెనక బస్సు హారన్ మొదలుపెట్టింది.

అప్పుడు చూశాను... నాయన భుజం మీద అమ్మ చెయ్యి గట్టిగా నొక్కింది. బండి ఎడమకు జరిగింది. బస్సు వెళ్ళిపోయింది. తర్వాత ఆ వేళ్ళు మెల్లగా తట్టడం మొదలుపెట్టాయి. నేను ఎక్కడ ఆపేదాన్నో సరిగ్గా అక్కడే ఆపుతూ.

నాయన తుమ్మచెట్టు పక్కన బండి నిలిపి, వెనక్కి తిరిగి అమ్మనే చూస్తూ ఉండిపోయాడు.

"ఏంది అట్ల చూస్తారు? ప్లగ్గు విప్పండి. మీ చెల్లెలు వంట చేసి కాచుకోని ఉంటాది" అంది అమ్మ, కొంగు దులుపుకుంటూ.

ఆయన రేకు మూత తీస్తుంటే నేను అమ్మ చెవిలో అడిగాను. "నీకెట్ల తెలుసమ్మా?"

"వంటింటి కిటికీని గోడ అనుకుంటివా? ఆదివారమైతే మీ చేతులే చూస్తా ఉంటి."

"మరి అమ్మేస్తునంటివే?"

అమ్మ వంగి ఉన్న నాయన వీపును చూసింది. "ఆ పొద్దు అన్నం వదిలి లేచిపాయె. అప్పుడే నాకు తెలిసె. ఇంక అమ్మమని ఎట్ల అంటానే..."

ఇప్పుడు నాది కరెంటు స్కూటర్. కిక్ లేదు, ప్లగ్గు లేదు, మసి లేదు. మొన్న ఇంటికి తీసుకెళ్తే నాయన సీటు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"ఆన్ చేసినావా?"

"చేసినాను నాయనా."

"ఏమీ తెలీలేదే."

"నాకూ వినపళ్ళేదు నాయనా" అన్నాను గట్టిగా. ఇద్దరం నవ్వుకున్నాం. ఇన్నేళ్ళకు మా చెవులు సమానమయ్యాయి.

అలవాటు కొద్దీ ఆయన ఎడమ చెయ్యి చాపాడు. తట్టడానికి ఏముంది... అయినా తట్టాను. పాత బండి చప్పుడు, ఎక్కడా తప్పకుండా. "బాగుండాది కణ్ణూ" అన్నాడు. వంటింటి కిటికీలో అమ్మ నిలబడి ఉంది.

బళ్ళు ఇప్పుడు చప్పుడు లేకుండా వస్తాయి, చప్పుడు లేకుండా వెళ్ళిపోతాయి... వీధి మలుపులోనే "నాయన వచ్చేశాడు" అని పరుగెత్తే పిల్లలకు ఇక ఏ గుర్తు మిగులుతుందో.

మీ నాన్న బండి చప్పుడు మీ వేళ్ళకు ఇంకా గుర్తుందా? ఒకసారి తట్టి చూసి, ఇక్కడ చెప్పండి...