మంగళవారం మధ్యాహ్నాల నది

మొన్న కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్తుంటే, ఊరు ఇంకా కనిపించకముందే నానిన వడ్ల వాసన బస్సు కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఉప్పుడు బియ్యం కోసం తొట్లలో నానబెట్టిన వడ్లకు ఒక పుల్లటి వాసన ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని భరించలేరు. నా పక్క సీటాయన కర్చీఫు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నా చేతివేళ్లు మాత్రం వాటంతట అవే ముడుచుకుని, గవ్వలు కలుపుతున్నట్టు కదిలాయి. ఈ వాసన మధ్యలో కూర్చుని నేను చాలాకాలం ఒక ఆట ఆడాను. ఆ ఆట ఆడించిన సులోచనక్క ఇప్పుడు లేదు. నిరుడు వానాకాలంలో పోయింది.

పత్రికవాళ్లు నన్ను సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు విలేకరిగా పంపినప్పుడు, మిల్లుల వీధిలో ఒక ఇంటి మేడ మీద గది కిరాయికి తీసుకున్నాను. కింద ఇంటివాళ్లు ఉండేవారు. ఇంటిని ఆనుకునే వాళ్ల బియ్యం మిల్లు. ఆ ఇంటి కోడలే సులోచనక్క. పగలంతా వార్తల కోసం తిరిగి, గదికి రాగానే కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ని. సూర్యాపేట బస్టాండు వెనక సందులో ఎవరో వీడియో గేముల దుకాణం పెట్టిన నాటి నుంచీ నాకు ఆ పిచ్చి ఉంది. పెళ్లి కాలేదు, స్నేహితులు సూర్యాపేటలో ఉండిపోయారు. కత్తియుద్ధాలే కాలక్షేపం. ఒకరోజు మెట్ల దగ్గర ఆవిడ నన్ను ఆపింది.

"పైన రోజూ ఎవర్ని సంపుతున్నవ్ తమ్మీ?"

"ఆటక్కా. కంప్యూటర్ల."

"సచ్చినోళ్లు మల్ల లేస్తరా?"

"లేస్తరు. నేను సచ్చినా అంతే. ముందుగాల దాసిపెట్టుకున్న కాడికి ఎనకకు వోయి, మల్ల మొదలువెడ్త."

"గట్లయితే ఇగ నీకు భయమేముంటది? మంగళారం కిందికి రా. మా ఆట సూడు."

మంగళవారం నా వారపు సెలవు. అది ఆవిడకు ఎలా తెలుసో నేను అడగలేదు. కిందికి వెళ్లేసరికి వరండాలో చాప పరచి ఉంది. ఆవిడ తమ్ముడు హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఒక లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం తెచ్చి ఇక్కడే మరిచిపోయాడట. అది రోల్ ప్లేయింగ్ ఆటల పుస్తకం. ఒకరు ఒక లోకాన్ని నోటితో చెబుతుంటారు. మిగిలినవాళ్లు ఆ లోకంలో ఒక్కో మనిషై, తాము ఏం చేస్తారో చెబుతారు. అది నెరవేరిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. పుస్తకంలోని మంచుకొండలూ కోటలూ సులోచనక్కకు రుచించలేదు కాని, ఆ పద్ధతి మాత్రం తలకెక్కింది. పాచికల బదులు పచ్చీసు గవ్వలు పెట్టింది. వెల్లకిలా పడినవి ఎక్కువైతే పని అవుతుంది, బోర్లా పడినవి ఎక్కువైతే చెడుతుంది. మంచుకొండల బదులు ఒక నదిని తెచ్చింది. సాగర్ కాలువ కింద బతికే ఊళ్లవాళ్లకు నీళ్లు ఎప్పుడు వదులుతారన్నదే కదా ఎప్పుడూ పెద్ద కథ. ఆవిడ లోకంలో నది ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎవరు ఆపారో తెలుసుకోవడానికి మేము ఒడ్డు వెంట ఎగువకు నడవాలి. ఒక్కో మంగళవారం ఒక్కో ఊరు.

ఆడేది ముగ్గురమే. ఒకరు సులోచనక్క అత్తగారు మాణిక్యమ్మ. రెండో మనిషి ప్రసాద్. కోదాడవాడు, సులోచనక్క తమ్ముడి స్నేహితుడు, మందుల కంపెనీ ప్రతినిధి. ఆ ఊరి డాక్టర్లను కలిసే వంతు అతనికి మంగళవారాలే వచ్చేది. మందుల సంచీ గోడకు ఆనించి, టై వదులు చేసుకుని, చాప మీద కూర్చోగానే మహావీరుడైపోయేవాడు. ఏది ఎదురైనా "కొట్టేస్తానండీ" అనేవాడు. మాణిక్యమ్మ దారి వేరు. వంతెన మీద రాక్షసుడు అడ్డం నిలబడి, దాటాలంటే ఒక మనిషిని ఇచ్చి పొమ్మన్నాడు. ప్రసాద్ కత్తి దూసేలోపే పెద్దావిడ అందుకుంది.

"ఏమయ్యా రాక్షసుడా, రోజుకు ఎంతమంది దాటుతరు నీ వంతెన?"

సులోచనక్క గొంతు లావు చేసి, "ఎవ్వరూ దాటుతలేరు. అందరు భయపడుతున్నరు" అంది.

"మరి ఏం దింటున్నవ్? బొక్కలు తేలినయ్ నీకు. మనిషిని గాదు, మనిషికి దోసెడు బియ్యం అడుగు. ఊరూరంత దాటుతరు. నేను చెప్పిన మాట నమ్ము, ఎండాకాలానికి పొట్టొస్తది నీకు."

గవ్వలు వెల్లకిలా పడ్డాయి. రాక్షసుడు ఒప్పుకున్నాడు. ప్రసాద్ కత్తి మళ్లీ ఒరలో పెట్టుకుని, "ఇదేం యుద్ధమండీ బాబూ" అని గొణిగాడు.

నా సంగతి వేరు. నేను ఆ లోకంలోనూ విలేకరినే. ఏ ఊరికి వెళ్లినా బావి ఎప్పుడు ఎండింది, సర్పంచి ఏమన్నాడు, మొదట చూసినవారెవరు అని అడుగుతూ ఉండేవాణ్ని. కొన్ని వారాలు ఓపిక పట్టి, ఒక మధ్యాహ్నం సులోచనక్క గవ్వలు నా ముందుకు తోసింది. "ఊరంత అడిగినవ్ తమ్మీ. అందరు చెప్పిన్రు. ఇగ నువ్వేం జేస్తవ్?" నేను గవ్వలు చేతిలో దొర్లిస్తూ కూర్చున్నాను. ఆవిడ జవాబు అందివ్వలేదు. మరొకరైతే ఇలా చెయ్యొచ్చు, అలా చెయ్యొచ్చు అని దారి చూపేవారు. ఆవిడ చెంగు అంచు సర్దుకుంటూ, నా మొహంలోకి చూస్తూ ఊరుకుంది. ఆ మౌనంలో తొందర లేదు, ఎగతాళి లేదు. చివరికి, ఎండిన బావిలోకి దిగుతానన్నాను. నా అంతట నేను ఆ ఆటలో చేసిన మొదటి పని అది.

చాప మీద అన్న మాట వెనక్కి పోకూడదన్నది ఆవిడ పెట్టిన ఒకే ఒక కట్టుబాటు. ఒకసారి దొంగల గుడిసె కనిపించగానే, ప్రసాద్ ఎవరు ఎక్కడున్నారో కూడా చూసుకోకుండా దానికి నిప్పు పెట్టేశానన్నాడు.

"మా అత్తమ్మ అందుల్నే ఉన్నది గద" అంది సులోచనక్క.

"అయ్యో! కాదండీ, కాదండీ, ఆ మాట వెనక్కి తీసుకుంటాను."

"చాప మీద అంటే అయినట్టే. ఇగ ఎట్ల బయటికి తెస్తవో చెప్పు."

"కాలవెట్టినంక సోంచాయిస్తున్నడు సూడు" అంది మాణిక్యమ్మ. "ఇంతకు నేను ఉన్ననా, పోయిన్నా?"

ఆమెను బయటికి తేవడానికి ప్రసాద్‌కు ఆ మధ్యాహ్నమంతా పట్టింది. దొంగల కాళ్లావేళ్లా పడి, వాళ్లచేతనే నీళ్లు మోయించాడు. ఆ దొంగలే తర్వాత మాకు తోడయ్యారు. నిప్పు పెట్టకపోయి ఉంటే వాళ్లు మా కథలోకి వచ్చేవారే కాదు. వెళ్లేటప్పుడు సులోచనక్క అతనితో, "ఎనకకు వోతే ఏమొస్తది? ముందల్నుంచే బయటవడాలె" అంది. కంప్యూటర్ ఆటల్లో ఆగిన చోటల్లా వెనక్కి పోయి దిద్దుకునే నాకు, మరునాడు సవరణ వేసుకునే పత్రికలో పనిచేసే నాకు, ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంటూనే ఉంది.

ఆవిడ గొంతు మారిన సంగతి ముందుగా కనిపెట్టింది ప్రసాదే. రాక్షసులకూ ముసలివాళ్లకూ గొంతు మార్చి మార్చి అలా అయిందని మేమంతా నవ్వాం. అతను నవ్వలేదు. "ఇన్ని వారాలు బొంగురు ఉండకూడదక్కా. వెంటనే చూపించండి" అన్నాడు. హైదరాబాద్‌లో చూశారు. గడ్డ ఉందన్నారు. స్వరపేటిక తీసేయాలన్నారు. ఆపరేషన్‌కు ముందటి మంగళవారం కూడా చాప పరిచే ఉంది.

"గొంతు దీస్తరట. పానం ఉంటదట" అంది ఆవిడ, కూరగాయల ధర చెప్పినట్టు.

మాణిక్యమ్మ ఆ రోజు ఎవరితోనూ బేరమాడలేదు. ప్రసాద్ కాసేపు టై నలుపుతూ కూర్చుని, "పోనీ మిగిలిన కథంతా ఇవాళే చెప్పేయండక్కా. వింటాం" అన్నాడు.

"నేను చెప్పి ఖతం జేస్తే అది కథైతది. మీరు నడిస్తేనే ఆట."

నాకు అడగాల్సినవి చాలా ఉన్నాయి. అవేవీ నోటికి రాక, నది గురించే అడిగాను. "నీళ్లు ఎవరాపిన్రక్కా?"

"నాకేమెరుక తమ్మీ? మీరు గాడికి వోయినంక తెలుస్తదనుకున్న." గవ్వలు నా ముందుకు జరిపి, "నా జాగల నువ్వు కూసో. నేను గూడ మీతోని నడుస్త" అంది.

ఆవిడ తిరిగి వచ్చింది. మెడ చుట్టూ తెల్లటి పలచని బట్ట, దాని కింద ఊపిరి కోసం చేసిన రంధ్రం. మాట లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లతో ఇల్లు నిండిపోయింది. వాళ్లంతా మంచివాళ్లే. కాని ఆవిడను ఏదీ అడిగేవారు కాదు. "సులోచనకు చాయ వద్దు" అని ఒకరు, "సులోచన అలిసిపోయింది, పండుకోనియ్యిన్రి" అని ఇంకొకరు. ఆవిడ తల అడ్డంగా ఊపేలోపే మాట ఇంకో సంగతి మీదికి పోయేది. నేను పలకరించడానికి దిగినప్పుడల్లా ఇది చూశాను. అందరినీ నువ్వేం చేస్తావని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగిన మనిషి, తన ఇంట్లోనే అడగాల్సిన అవసరం లేని మనిషి అయిపోతున్నది. గొంతు పోవడం కంటే ఆ సంగతే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఒక మంగళవారం కింది నుంచి మాణిక్యమ్మ కేక వేసింది. "ఓ పేపరాయనా! చాప ఏసిన. నిన్ను పల్లకిల దెచ్చుడు గావాల్నా?"

సులోచనక్క జాగాలో కూర్చున్నాను. నా చెప్పడం ఎలా ఉందో పెద్దావిడ వెంటనే తేల్చేసింది: "గిది పేపర్ల వార్త లెక్కున్నది కొడుకా." అయినా నడిచాం. రెండు కొండల మధ్య నది ఆగిన చోటుకు చేరాం. అక్కడ ఒక మహాకాయుడు నీళ్లకు అడ్డంగా పడుకుని నిద్రపోతున్నాడని చెప్పాను. ప్రసాద్ కత్తికీ మాణిక్యమ్మ బేరానికీ లొంగకూడదని వారమంతా ఆలోచించి తెచ్చినవాడు వాడు. "వాడికి కత్తి తగలదు. బేరం వినబడదు. ఎవరో ఒకరు గొంతెత్తి పిలిస్తేనే లేస్తాడు" అన్నాను.

అన్నాక గాని నేనేమన్నానో నాకు వినబడలేదు. ఈసారి వంతు సులోచనక్కది.

"అంటే... పిలవకున్నా లేస్తడక్కా, ఇంకో తీరుగ..." అని తడబడ్డాను. ఆవిడ అరచేత్తో చాప మీద ఒక్క చరుపు చరిచింది. అన్నమాట అన్నట్టే.

మాణిక్యమ్మ ముందుకు జరిగి, "నా కోడలి దిక్కునుంచి నేను పిలుస్త. ఓరేయ్..." అని ఎత్తుకుంది.

"ఆగు పెద్దమ్మా" అన్నాను. "వంతు అక్కది." తర్వాత ఆవిడ వైపు తిరిగి అడిగాను. "ఏం జేస్తవక్కా?"

అడిగి ఊరుకున్నాను. నేను ఊరుకోవడం ఎంత కష్టమైన పనో అప్పుడు తెలిసింది. జవాబు అందించాలని నాలుక కొసన మాటలు కదులుతున్నాయి. ఆవిడ నన్ను చూసింది, గోడను చూసింది. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. లారీ వచ్చినప్పుడు ఇంట్లో నుంచే హమాలీలను పిలవడానికి వరండా గోడకు ఒక బెల్లు మీట ఉంది. దాని దగ్గరికి వెళ్లి, బొటనవేలితో గట్టిగా నొక్కి, వదలకుండా పట్టుకుంది.

మిల్లు ఆవరణంతా గణగణలాడిపోయింది. అన్నాలు తిని నీడన నడుం వాల్చిన హమాలీలు తువ్వాళ్లు దులుపుకుంటూ పరుగెత్తుకొచ్చారు. "ఏమైందమ్మా? బాయిలర్ కాడనా?" అని మేస్త్రీ రొప్పుతూ అడిగాడు.

"ఏం గాలే. రాక్షసుడు పండుకుంటే నా కోడలు లేపింది" అంది మాణిక్యమ్మ.

మేస్త్రీ ఆమెను చూశాడు, చాపను చూశాడు, గవ్వలను చూశాడు. "లేచిండా మరి?"

అందరూ నా వైపు తిరిగారు. సులోచనక్క కూడా, నొక్కడం ఆపినా వేలు ఇంకా మీట మీదే ఉంచి.

"లేచిండు" అన్నాను.

వాడు ఎలా కళ్లు నులుముకున్నాడో, నీళ్లు వాడి మోకాళ్ల సందులోంచి ఎలా దూకాయో చెప్పాను. హమాలీలు కదల్లేదు. నీళ్లు ఏయే ఊళ్ల మీదుగా దిగుతున్నాయో చెబుతుంటే ఒకతను అడ్డం తగిలాడు: "మా నిడమనూరుకు రాలేదా సార్?" "నీళ్లు పొయ్ కొడుకా, వాళ్లకు గూడ పొయ్. నీ ఇంట్లనుంచి పోతున్నయా?" అంది మాణిక్యమ్మ. సులోచనక్క భుజాలు అదరడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకుని ప్రసాద్ లేచాడు. ఏడుపు కాదు. చప్పుడు లేని నవ్వు. అలాంటి నవ్వు అంతకుముందు మేమెవరమూ చూడలేదు.

ఆ మరుసటి వారం ఆవిడ తన జాగాలో తానే కూర్చుంది. చాప మీద బియ్యం పోసి, వేళ్లతో నదులు గీస్తూ, చేతులతో ఊళ్లు కడుతూ, ఇంకో లోకం మొదలుపెట్టింది. తర్వాత నన్ను మళ్లీ సూర్యాపేటకు మార్చినా, సెలవు దొరికిన మంగళవారమల్లా బస్సెక్కేవాణ్ని. చివరి నెలల వరకూ ఆవిడ ఆడించింది.

ఆవిడ నేర్పింది ఇంత అని చెప్పడం నాకు చేతకాదు. ఒకటి చెబుతాను. ఈ మధ్య సూర్యాపేట మార్కెట్ యార్డుకు ధాన్యం వార్త కోసం వెళ్లాను. రాశి పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. పక్షవాతం వచ్చి తగ్గినట్టుంది, మాట కూడదీసుకుని రావాలి. నేను ఆయన్ను ధాన్యం సంగతి అడిగితే పక్కనున్న మేనల్లుడు అందుకున్నాడు. "ఆయనకు మాట రాదు సార్, నేను చెప్త." నేను పెద్దాయన్నే చూస్తూ నిలబడ్డాను. నాతో వచ్చిన ఫొటోగ్రాఫర్ గడియారం చూసుకున్నాడు. ఎండ నెత్తిన మండుతోంది. పెద్దాయన పెదాలు చాలాసేపు కదిలాయి. చివరికి మాట వచ్చింది. అది ధాన్యం గురించి కాదు.

"ఎండల నిలవడ్డవ్ బిడ్డా. జర ఇటు నీడకు రా. చెప్త."