ముప్పై ఆరు సెంట్లు

మా ఆయనకు మా సందు పెట్టిన పేరు పాముచెవులాయన. హార్మోనియం పెట్టెలు, కీబోర్డులు బాగుచేయడం ఆయన పని. ముందుగది కొట్టు, వెనక రెండు గదులు కాపురం. మూడిళ్ళ అవతల కుక్కరు కూత వేస్తే చాలు, చేతిలో పని వదిలేసి వెళ్ళి, "మీ కుక్కరు కూత నిన్నటికంటే దిగిందండీ, రబ్బరు చూసుకోండి" అని చెప్పి వస్తాడు. వాళ్ళు లోపల తిట్టుకుంటూ మూత తీస్తే రబ్బరు నిజంగానే చిట్లి ఉంటుంది. అదే నేను వంటింట్లోంచి "ఏమండీ, కుళాయి కట్టేయండి" అని అరిస్తే మాత్రం ఆ చెవులు పనిచేయవు. ఎదురుగా మీరు అంటాను కానీ వెనకాల అన్నాడు, వచ్చాడు అనే అంటాను. ఇరవై ఆరేళ్ళ కాపురానికి ఆ మాత్రం చనువు ఉంటుంది.

ఆ చెవుల వల్లే మా ఇంట్లో ఒక పెద్ద తగువు వచ్చింది. మా అత్తగారు కుట్టుమిషను మీద ఊరందరి బట్టలూ కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది. మిషను తొక్కుతూ తనే కట్టుకున్న పాట ఒకటి పాడేది. "దారమా దారమా, ఎటు పోతివే" అని మొదలయ్యే ఆ పాట ఆవిడ తర్వాత పూర్తిగా వచ్చింది కూతురికే, అంటే మా ఆయన అక్కకే, మా వదినకే. అత్తగారు పోయిన ఏడాదికి బంధువులంతా మా ఇంట్లో కూడినప్పుడు అందరూ బతిమాలితే వదిన ఆ పాట ఎత్తుకుంది. మా ఆయన అత్తగారి పాత హార్మోనియం పెట్టె ముందేసుకుని కూర్చున్నాడు. రెండో వరుసలో పెట్టె గాలితిత్తి ఆపేశాడు.

"అక్కా, గాంధారం దిగిపోతోంది. సరిగ్గా పట్టు."

వదిన మళ్ళీ ఎత్తుకుంది. ఈయన మళ్ళీ ఆపాడు. మూడోసారి, ఇరవై మంది ముందు, "అమ్మ పాటని ఖూనీ చెయ్యకక్కా" అన్నాడు.

వదిన చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయింది. పదకొండేళ్ళు గుమ్మం తొక్కలేదు, తమ్ముడితో మాట్లాడలేదు. ఏదన్నా చెప్పాలంటే నాకు ఫోన్ చేసి "మీ ఆయనకు చెప్పు" అనేది, ఆయన పక్కనే ఉండి వింటుండేవాడు. అంతకంటే ఘోరం ఏమిటంటే, ఆ రోజు తర్వాత వదిన ఎక్కడా నోరు తెరిచి పాడలేదట. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. ఈయన మాత్రం తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు, "నేనన్నది నిజమేగా, దిగింది" అంటూ కూర్చునేవాడు. అంటూనే పెట్టె ముందు ఆ పాట వాయించబోయేవాడు. సగం వరకే వచ్చేది. మిగతా సగం ఆయనకు రాదు.

మొన్నటి వేసవిలో అటక దులుపుతుంటే బిస్కెట్ల డబ్బాలో ఒక క్యాసెట్ దొరికింది. దాని మీద అత్తగారి కొంకిరి అక్షరాలతో "పాట" అని ఉంది. మా ఆయన కళ్ళు మెరిశాయి. అమ్మ గొంతు వినొచ్చని కాదండోయ్.

"ఇప్పుడు తేలిపోతుంది. అమ్మ గాంధారం ఎక్కడుందో కొలిచి అక్కకు రుజువు చూపిస్తాను."

"పదకొండేళ్ళ తర్వాత రుజువు ఏం చేసుకుంటారు, ఫ్రేము కట్టించుకుంటారా?" అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

కొలవాలంటే కంప్యూటర్ కావాలి. నేను ప్రింటింగ్ ప్రెస్సులో అక్షరాలు కంపోజ్ చేస్తాను. మా ఓనరు పిసినారి, సాఫ్ట్‌వేర్ కొనడు. అందుకని పదేళ్ళుగా ఉచిత సాఫ్ట్‌వేర్లతోనే నెట్టుకొస్తున్నాను, వాటి సంగతి నాకు కొట్టినపిండి. ప్రెస్సులో మూలన పడేసిన కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చి, పాటల్ని రికార్డు చేసి స్వరాల్ని గీతలుగా చూపించేది ఒకటి, ఏ స్వరాన్నైనా ఎంత కావాలంటే అంత ఎక్కించి దించి వాయించుకునేది ఒకటి పెట్టి ఇచ్చాను.

ఆయన దాన్ని దూరం నుంచి చూశాడు. "ఊరికే ఇస్తున్నారంటే ఏదో మతలబుంది. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతామా?"

"మీరు పక్కింటి కాలింగ్ బెల్లు ఊరికే బాగుచేసి రాలేదా? అందులో మతలబేమిటి?"

"ఆ మోత భరించలేక చేశాను."

"వీళ్ళూ అంతే. ఉన్నవాటిని భరించలేక చేసుకున్నారు, చేసింది నలుగురికీ పెట్టారు. లోపల ఎలా ఉందో విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు."

విప్పి చూసుకోవచ్చన్న మాటకు ఆయన పడిపోయాడు. వారం తిరక్కుండా దానికీ వంక పెట్టాడు. అందులో ఏదో గంట స్వరం రెండు సెంట్లు ఎక్కువుందట. నన్ను కూర్చోబెట్టి, తయారుచేసిన వాళ్ళకు ఉత్తరం రాయించాడు. వాళ్ళెవరో, ఏ మూల ఉంటారో, నాలుగు రోజుల్లో జవాబొచ్చింది. "మీరు చెప్పింది నిజమే, తప్పు మాది, సరిచేశాం, చాలా థాంక్స్." ఆయన ఆ ముక్క నాతో మూడుసార్లు చదివించుకున్నాడు.

"తప్పు మాది అని ఇంత సులువుగా అనేస్తారా?"

"అనేవాళ్ళు అంటారు," అన్నాను. ఆయన అటు తిరిగి స్క్రూడ్రైవరు వెతుక్కున్నాడు.

అప్పుడే ఈ సెంట్ల సంగతి అడిగాను. సెంటంటే ఒంటికి పూసుకునేదో, ఇల్లు కట్టుకునేదో అనుకున్నాను మరి.

"ఇది వినేది," అన్నాడు. "పెట్టె మీద పక్కపక్కనున్న రెండు మెట్లు తీసుకో. ఆ మధ్య దూరాన్ని నూరు ముక్కలు చెయ్యి. ఒక్కో ముక్క ఒక సెంటు. పెట్టెకు మెట్లే ఉంటాయి, మధ్యలో ఏమీ ఉండదు. గొంతుకు అలా కాదు, మధ్య సందుల్లో కూడా నిలబడగలదు."

"సందుల్లో కూడా కాపురాలుంటాయన్నమాట, మనలాగా."

ఆయన ఆ మధ్యాహ్నమే క్యాసెట్ పెట్టాడు. గరగరల వెనక మిషను చప్పుడు, దాని మీద అత్తగారి గొంతు. కంప్యూటర్ మీద గీత పాకుతూ వచ్చి గాంధారం దగ్గర మెట్టుకు కింద నిలబడింది. ముప్పై ఆరు సెంట్లు కింద. ఆయన టేపు తప్పన్నాడు. మళ్ళీ తనే, టేపు వేగం మారితే అన్ని స్వరాలూ కలిసి జరుగుతాయి, మధ్య దూరాలు మారవు అన్నాడు. ఆ స్వరం పాటలో నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ అక్కడే.

"అమ్మ కూడా శ్రుతి తప్పిందా?" అన్నాడు.

"అవును మరి. మీ అమ్మా తప్పింది, మీ అక్కా తప్పింది, మీ పెట్టె ఒక్కటే సత్యహరిశ్చంద్రుడు."

పాట వెనక్కి తిప్పి నాలుగుచోట్లా మళ్ళీ కొలిచాడు. "తప్పయితే ఒకసారి అటూ ఒకసారి ఇటూ పోతుంది. నాలుగుసార్లూ ఒకేచోట ఉందంటే అదే దాని ఇల్లు. అక్క అక్కడే పాడింది." టేపు ముందుకు పోనిచ్చాడు. పాట సగానికి వచ్చేసరికి టేపులో టకటకమని చప్పుడై, పడుచు గొంతు ఒకటి "హలో, మైక్ టెస్టింగ్, ఒకటి, రెండు, మూడు" అంది. ఆ గొంతు ఎవరిదో చెప్పక్కర్లేదు. పాతికేళ్ళ వయసులో కొత్త మైకు పరీక్షించడానికి మా ఆయనకు ఇంకో క్యాసెట్ దొరకలేదు. అలా చెరిగిపోయిన మిగతా సగం పాట ఇప్పుడు వదిన దగ్గర తప్ప ఎక్కడా లేదు, ఆవిడేమో పాడటం మానేసింది.

ఆ పూట పక్కింటి కుక్కరు ఎలా కూసినా ఆయన తల ఎత్తలేదు. నాకు నిజంగానే భయం వేసింది.

మర్నాడు ఫోన్ తీసి వదినకు చేశాడు. పదకొండేళ్ళలో అదే మొదటిసారి. చెప్పాల్సింది కాగితం మీద రాసుకున్నాడు కూడా. తీరా తీసింది అన్నయ్యగారు, అంటే వదిన భర్త. ఆయన భూములు కొలిచే సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. మా ఆయన కంగారుపడి కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివేశాడు.

"బావగారూ, అక్కకు చెప్పండి. ఆ ముప్పై ఆరు సెంట్ల విషయంలో తప్పు నాదే. అవి మొదటి నుంచీ అక్కవే. అమ్మ రికార్డు చూశాను, తేలిపోయింది. వస్తే అంతా చూపిస్తాను."

పెట్టేశాడు. నేను నెత్తి కొట్టుకున్నాను. "ఎవరితో ఏం మాట్లాడారో తెలుస్తోందా మీకు?" తెలియలేదు ఆయనకు.

మర్నాడు పొద్దున్న పదింటికి ఆటో ఆగింది. ముందు అన్నయ్యగారు దిగారు, చంకలో ఫైలు, చేతిలో కొలతల టేపు. వెనక వదిన దిగింది. లోపలికి రాకుండా అరుగు మీద కూర్చుని నాతో అంది, "నేను స్థలం కోసం రాలేదు. ఈయన్ని ఒక్కణ్ణి పంపితే మీ గోడలు కూడా కొలుచుకొస్తారని వచ్చాను."

అన్నయ్యగారు కుర్చీ లాక్కుని ఫైలు విప్పారు. "బావా, నాకు తెలిసి అత్తయ్యగారిది ఈ నాలుగు సెంట్లే. ఆ ముప్పై ఆరూ ఎక్కడివి? ఇన్నాళ్ళూ నా కంట ఎలా పడలేదు? సరే, హద్దులు చెప్పు."

"ఇటు రిషభం, అటు మధ్యమం," అన్నాడు మా ఆయన, ఎంతో శ్రద్ధగా.

అన్నయ్యగారు రాసుకున్నారు. "రిషభంగారంటే ఎవరు, పాలివాళ్ళ తాలూకా?"

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. "మనుషులు కాదు బావగారూ, స్వరాలు. గాంధారం సంగతి చెబుతున్నాను."

"స్వరాలకు సెంట్లేమిటయ్యా? సెంటుకు నలభై ఎనిమిది గజాలు. ముప్పై అయిదేళ్ళు కొలిచాను, నాకు తెలీదా?"

అరుగు మీద వదిన ఇటు తిరిగింది. గాంధారం అన్న మాట ఆవిడ చెవిన పడింది. మా ఆయన ఇంకేం చెప్పకుండా క్యాసెట్ పాట పెట్టాడు. మిషను చప్పుడు, అత్తగారి గొంతు. వదిన లేచి, పదకొండేళ్ళుగా తొక్కని గుమ్మం దాటి కొట్టులోకి వచ్చి నిలబడింది. తను గడప దాటిన సంగతి ఆవిడకు తెలిసినట్టు లేదు.

"ఇది పెట్టె మెట్టు," అని గీత మీద వేలు పెట్టాడు ఆయన. "ఇది అమ్మ. ముప్పై ఆరు సెంట్లు కింద. నువ్వు ఆ రోజు పాడింది ఇదే. తప్పు పెట్టెది అని చెబుదామనుకున్నా. కానీ నిన్ను కాదని పెట్టెను నమ్మింది నేనే కదా. తప్పు నాదక్కా."

వదిన ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే టేపు "హలో, మైక్ టెస్టింగ్" అంది.

"ఇదీ నువ్వేనా?" అంది తమ్ముడితో.

పదకొండేళ్ళ తర్వాత ఆయనతో అన్న మొదటి మాట అది. ఆయన దొంగలా తల ఊపాడు. వదినకు నవ్వొచ్చింది, ఆపుకుంది, అయినా వచ్చింది.

కంప్యూటర్‌కు తగిలించిన కీబోర్డు మీద ఆయన గాంధారాన్ని ముప్పై ఆరు సెంట్లు దించి పాట మొదటి వరుస వాయించాడు. వదిన చేతులు కట్టుకుని విని, "ఇంకాస్త దించు" అంది. దించాడు. "ఇంకాస్త. ఊఁ, ఎక్కువైంది. అదీ, అక్కడ."

నలభై దగ్గర ఆగింది. టేపులో ముప్పై ఆరే ఉంది మరి. కుక్కరు కూతల్లో తప్పులు పట్టే మనిషి కిక్కురుమనలేదు. "నలభై," అని రాసుకున్నాడు.

"ఆ నాలుగు సెంట్లు ఎక్కడివి?" అన్నారు అన్నయ్యగారు ఆశగా.

మా ఆయన అత్తగారి పెట్టె దించి, పై పలక తీసి, గాంధారం రీడు, అంటే ఆ స్వరం పలికే ఇత్తడి నాలుక, బయటికి లాగాడు. రీడు కొసన గీరితే స్వరం ఎక్కుతుంది, మొదట్లో గీరితే దిగుతుంది. ఒకసారి గీరిన ఇత్తడి మళ్ళీ మొలవదు. ఆయన బ్లేడు తీసుకోగానే నేను ఉండబట్టలేక, "ఏమండీ, కంప్యూటర్‌లో ఉందిగా. దీన్ని గీరేస్తే ఇక మామూలు పాటలకు పనికిరాదు" అన్నాను.

"మామూలు పాటలకు ఊళ్ళో బోలెడు పెట్టెలున్నాయి," అన్నాడు. గీరడం, వదినకు వినిపించడం, మళ్ళీ గీరడం. ఆవిడ చాలు అనేదాకా గీరాడు.

తర్వాత వదిన కింద కూర్చుంది. ఎవరూ బతిమాలలేదు. "దారమా దారమా, ఎటు పోతివే" అని ఎత్తుకుంది. గొంతు మూడుచోట్ల జీరపోయింది కానీ గాంధారం దగ్గర మాత్రం పెట్టే తనూ ఒక్కటై నిలబడ్డాయి. మైక్ టెస్టింగ్ కింద పూడిపోయిన చోటు దాటింది. నేనెప్పుడూ వినని వరుస వచ్చింది.

"తెగితే ముడేస్తా, తిరిగి రావే."

తిత్తి ఆగిపోయింది. వదిన పాట ఆపి తమ్ముడి వంక చూసింది.

"ఎందుకాపావు? ఈసారి ఏం తప్పింది?"

మా ఆయన భుజంతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ తిత్తి మీద చెయ్యి వేశాడు.

"ఏమీ తప్పలేదక్కా. నువ్వు పాడు."